40 ఏళ్లకు ఎంట్రీ, రెండే టెస్టులు: కోటా రామస్వామి

మన రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో ఎవరైనా "పాతికేళ్లొచ్చేశాయి, ఇంకేం క్రికెట్‌లే" అంటే నేను చెప్పే పేరు ఒకటుందండి. కోటా రామస్వామి.

1896లో మద్రాసులో ఓ తెలుగు కుటుంబంలో పుట్టారు. నాన్నగారు బుచ్చిబాబు నాయుడు. ఆయన పేరు మీద చెన్నైలో ఇప్పటికీ క్రికెట్ టోర్నమెంట్ జరుగుతోంది. రామస్వామిగారు దేశానికి ముందు ఆడింది మాత్రం టెన్నిస్, 1922 డేవిస్ కప్‌లో. టెస్టు క్రికెట్ ఛాన్స్ 1936లో, ఇంగ్లండ్ టూర్‌లో వచ్చింది. అప్పటికే ఆయనకు 40 నిండాయి!

మాంచెస్టర్‌లో 40, 60 కొట్టారు. ఓవల్‌లో 29, తర్వాత 41 నాటౌట్. రెండు టెస్టుల్లో 170 పరుగులు, యావరేజ్ 56.66. నాలుగు ఇన్నింగ్స్‌లో ఒక్కటీ ఫెయిల్ కాలేదు.

మరి ఎందుకు ఆగిపోయారు? మధ్యలో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఇండియా మళ్లీ టెస్టు ఆడింది 1946లోనే. అప్పటికి ఆయన వయసు 50.

1985లో ఓ రోజు ఇంట్లోంచి బయటికెళ్లినాయన మళ్లీ తిరిగి రాలేదు. మనకు మిగిలింది ఆ నాలుగు స్కోర్లే. ఛాన్స్ ఎప్పుడొస్తుందో ఆయన చేతిలో లేదు, వచ్చిన రోజుకి ఫామ్‌లో ఉన్నారంతే. అందుకే పాతికేళ్లకే కిట్ అటకెక్కించేయకండి. ఉంటానండి!