లెక్క తప్పిందనకండి, ఎక్కడ తప్పిందో చూడండి
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సాయంత్రం పూట మన సెంటర్‌లో లెక్కలు చెప్పే మాస్టారుగా నేను మీలో చాలామందికి తెలుసు. ఈ రోజు మీకు కూడా ఒక లెక్క ఇస్తాను. కంగారు పడకండి, మార్కులు వేయను.

ఒక వ్యక్తి చనిపోయాడు. భార్య, తల్లి, పిల్లలు ఉన్నారు. అప్పులు, వసీయత్ పోను 24 లక్షల ఆస్తి మిగిలింది. పిల్లలున్నప్పుడు షరీఅత్ ప్రకారం భార్యకు ఎనిమిదో వంతు, తల్లికి ఆరో వంతు. ఇద్దరికీ కలిపి ఎన్నో వంతు?

దీన్ని తొమ్మిదో తరగతి పిల్లలకు ఇస్తే, ఎప్పుడూ ఎవరో ఒకరు ఇలా చేస్తారు. పైన 1, 1 కలిపితే 2. కింద 8, 6 కలిపితే 14. 2/14 అంటే 1/7. జవాబు ఏడో వంతు!

అసలు లెక్క ఏమిటి? భార్యకు 3 లక్షలు, తల్లికి 4 లక్షలు, మొత్తం 7 లక్షలు. అంటే 7/24. పిల్లవాడి లెక్క ప్రకారమైతే ఇద్దరికీ కలిపి మూడున్నర లక్షలు కూడా రావు. తల్లి ఒక్కదానికే 4 లక్షలు రావాలి కదా! కూడితే పెరగాల్సింది తగ్గింది. ఆ ఒక్క మాట పిల్లవాడికి తట్టి ఉంటే తప్పు తనకే దొరికేది.

ఇంతకీ వాడు అలా ఎందుకు చేశాడు? తెలివి లేక కాదు. ఒక పరీక్షలో 8కి 1, ఇంకో పరీక్షలో 6కి 1 వస్తే మొత్తం 14కి 2 అనే కదా మనం అంటాం. మార్కుల దగ్గర ఒప్పయిన పద్ధతినే వాడు వాటాల దగ్గరా వాడాడు. పిల్లల తప్పుల్లో చాలావాటికి ఇలాంటి కారణం ఉంటుంది. ఒకచోట పనికొచ్చిన సూత్రాన్ని ఇంకోచోట వాడతారు. ఆ కారణం తెలుసుకోకుండా ‘శ్రద్ధ లేదు’ అంటే తప్పు తప్పుగానే ఉండిపోతుంది.

ఈ మాట నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. పదో తరగతి లెక్కల్లో తప్పి ఒక అమ్మాయి మన సెంటర్‌కు వచ్చింది. ఇంట్లో ‘ఇక చదువు చాలు’ అనే మాట అప్పటికే మొదలైంది. పాత నోటుబుక్కులు తెమ్మన్నాను. రెండేళ్ల బుక్కులు వరుసగా చూస్తే, పాతిక రకాల తప్పులు లేవు. ఎక్కువ భాగం ఒకటే తప్పు. బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే లోపలి మొదటి గుర్తు మార్చి, రెండోది అలాగే వదిలేస్తోంది. “బేటీ, ఇది నీకెవరూ చెప్పలేదా?” అని అడిగాను. “ఇంటూ మార్కు పెట్టారు సార్. ఎందుకు తప్పో తెలియలేదు. ఒప్పు జవాబు చూసి రాసుకున్నాను” అంది.

అంతకు ముందు ఏడాది కొన్ని నెలలు ఆమె మన సెంటర్‌కే వచ్చింది. ఆ బుక్కుల్లోని ఎర్ర ఇంటూ మార్కుల్లో కొన్ని నావే. నలభై మంది పిల్లలు, గంటన్నర సమయం అని నాకు నేను సర్దిచెప్పుకోవచ్చు. కానీ ఆ మార్కు పెట్టింది నా చేయే.

ఆ సాయంత్రం ఆమెతో కిరాణా కొట్టు లెక్క చేయించాను. చేతిలో 500 ఉన్నాయి. 200 సరుకుకు కొట్టువాడు 50 తగ్గించాడు. 500 − (200 − 50). ఆమె పద్ధతిలో 500 − 200 − 50, అంటే 250 మిగలాలి. “నిజంగా నీ చేతిలో ఎంత మిగులుతుంది?” అన్నాను. “350 సార్” అని వెంటనే చెప్పింది. చెప్పి, తను రాసిందే చూసుకుంటూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అలాంటివి ఇరవై లెక్కలు తనే చేసుకుంది. సప్లిమెంటరీలో పాసయింది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది, అల్‌హందులిల్లాహ్.

అప్పటి నుంచి మా పిల్లల తప్పుల్ని గమనిస్తున్నాను. తరచుగా కనబడేవి కొన్ని చెబుతాను. ఇంట్లో మీ పిల్లల బుక్కుల్లో కూడా చూడండి.

ఒకటి, (ఎ + బి) వర్గం అంటే ఎ వర్గం, బి వర్గం కలిపితే చాలనుకోవడం. దీనికి సూత్రం వందసార్లు రాయించడం కంటే బొమ్మ గీయించడం మేలు. 5 గజాల పొడవు, 5 గజాల వెడల్పు ఉన్న స్థలం గీసి, రెండు వైపులా 2, 3 గజాలుగా విడగొట్టమనండి. 4 గజాల ముక్క ఒకటి, 9 గజాల ముక్క ఒకటి, కలిపితే 13. స్థలం మాత్రం 25 చదరపు గజాలు. మిగతా 12 ఏమైంది? పక్కన రెండు 6 గజాల ముక్కలు కనబడతాయి. మరచిపోయిన 2ఎబి అదే.

రెండోది, దశాంశాలు. 35 కంటే 4 చిన్నది కాబట్టి 0.35 కంటే 0.4 చిన్నదనుకుంటారు. 35 పైసలు, 40 పైసలు అంటే వెంటనే సరిదిద్దుకుంటారు. జకాత్ లెక్కలోనూ ఇదే చిక్కు. 84,000కు రెండున్నర శాతం 21,000 అని రాసిన పిల్లలున్నారు. నూటికి ఒకటి చొప్పున 840 కాబట్టి రెండున్నర శాతం 2,100. నలభయ్యో వంతు కట్టినా అంతే వస్తుంది. రెండు దారుల్లో చేసి చూసుకునే అలవాటుంటే ఒక సున్నా ఎక్కువ పడదు.

మూడోది, సమీకరణాలు. ‘పక్షం మారితే గుర్తు మారుతుంది’ అని మంత్రంలా పాడతారు. ఎక్స్ − 3 = 10 వరకు బాగానే ఉంటుంది. 3ఎక్స్ = 12 ఇస్తే, 3ను అటు పంపి ఎక్స్ = 12 − 3 = 9 అంటారు. 9ని తిరిగి పెట్టి చూస్తే 27 వస్తుంది, 12 కాదు. ఈ చోట పిల్లలకు అల్ ఖ్వారిజ్మీ గురించి చెబుతాను. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో ఆయన రాసిన పుస్తకం పేరులోని ‘అల్ జబ్ర్’ నుంచే ఆల్జీబ్రా అన్న మాట వచ్చింది. జబ్ర్ అంటే లోటును పూడ్చడం. ఒక పక్క తీసివేసినదాన్ని రెండు పక్కలా చేర్చి సరిచేయడం. తక్కెడ రెండు పళ్లాల్లోనూ ఒకే పని చేయాలన్నదే అందులోని సంగతి. ఆ పుస్తకంలో పెద్ద భాగం వారసత్వ వాటాల లెక్కలదే. అది తెలిస్తే పిల్లలకు ఈ విద్య పరాయిదిగా అనిపించదు.

నాలుగోది, భాష. మన పిల్లలు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. జమా, తఫ్రీఖ్ అని నేర్చుకున్నవాళ్లు హైస్కూల్లో ప్లస్, మైనస్ అంటారు. ‘ఫైవ్ లెస్ దేన్ ఎక్స్’ అని ఉంటే 5 ముందు వినబడింది కాబట్టి 5 − ఎక్స్ అని రాస్తారు. అదే ‘ఎక్స్ కంటే 5 తక్కువ’ అని తెలుగులో చెబితే ఎక్స్ − 5 అని సరిగ్గా రాస్తారు. అక్కడ లోపం లెక్కది కాదు. లెక్కను ముందు సొంత మాటల్లో చెప్పించండి, తర్వాత పెన్ను పట్టించండి.

సెంటర్‌లో ఇప్పుడు ప్రతి పిల్లవాడికీ ఒక తప్పుల బుక్కు ఉంది. ఎడమ పేజీలో తను చేసిన తప్పు, కుడి పేజీలో ఒప్పు, కింద ‘నేను ఇలా ఎందుకు అనుకున్నాను’ అని ఒక వాక్యం. తప్పును రబ్బరుతో చెరపకూడదన్నది నియమం. మొదట సిగ్గుపడ్డారు. ఇప్పుడు ‘సార్, నాది కొత్త తప్పు’ అని తెచ్చి చూపిస్తున్నారు. పరీక్షకు ముందు రోజు కొత్త లెక్కలు చేయవద్దని, ఆ బుక్కు ఒక్కసారి చదువుకోమని చెబుతాను.

తల్లిదండ్రులారా, మీకు లెక్కలు రాకపోయినా పరవాలేదు. ‘ఎన్ని మార్కులు?’ అనేముందు ‘ఏ లెక్క తప్పింది, ఎందుకు తప్పింది?’ అని అడగండి. కొట్టకండి. భయపడిన పిల్లవాడు తప్పును సరిదిద్దుకోడు, దాచిపెడతాడు.

దాతలకు నా మనవి ఒక్కటే. మీరిచ్చిన ఫీజులు, పుస్తకాలు, బల్లలు, ఫ్యాన్లు అన్నీ ఉపయోగంలో ఉన్నాయి. కానీ ఒక తప్పు ఎక్కడ పుట్టిందో కనిపెట్టాలంటే పిల్లవాడి పక్కన పది నిమిషాలు కూర్చునే మనిషి కావాలి. నలభై మందికి ఒక్కడినే ఉంటే మళ్లీ ఇంటూ మార్కే పెడతాను. ఈ ఏడాది మరో గది కట్టే ముందు ఇద్దరు ట్యూటర్ల జీతం గురించి ఆలోచించండి. డబ్బు ఇవ్వలేనివారు, డిగ్రీ చదివిన మీ అబ్బాయిని, అమ్మాయిని వారానికి రెండు సాయంత్రాలు పంపండి. అది కూడా సదఖాయే.

ఆ అమ్మాయి బుక్కులోని మార్కులు నేను చెరపలేను. ఇకపై ఏ పిల్ల బుక్కులోనూ కారణం రాయని ఇంటూ మార్కు ఉండకూడదని మాత్రం అనుకున్నాను. అందుకు మీ సాయం కావాలి.

అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించి, మన పిల్లల జ్ఞానాన్ని పెంచుగాక. ఆమీన్.