కమ్యూనిటీ కాలేజీ నుండి విశ్వవిద్యాలయమునకు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుని ప్రసంగ పాఠము)



ఈ సభలో గ్రంథాలయమును గూర్చియే మాటలాడవలెనని కార్యదర్శిగారు కోరిరి. ఆ పని నాకన్న బాగుగా చేయగలవారు ఈ వేదికమీదనే ఇద్దరు ముగ్గురున్నారు. నేను మరియొక విషయము ఎత్తుకొనెదను. సాయంకాలము పత్రికలు చదువుటకు ఇచ్చటికి వచ్చు తలిదండ్రులు నన్ను తరచుగ అడుగు ప్రశ్న యొకటి కలదు. "మాస్టరుగారూ, మా వాడు అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో చేరతానంటున్నాడు. అది నిజం కాలేజీయేనా? అక్కడినుంచి పెద్ద యూనివర్సిటీకి పోనిస్తారా?" అని. ఇద్దరికి చెప్పినమాట మూడవవారికి చెప్పునప్పటికి నాకే కలగాపులగమగుచున్నది. అందుచేత నలుగురిలో ఒక్కమారే చెప్పి, అచ్చులో ఉంచుట మేలని తలచితిని.

నేను చెప్పునది కాలిఫోర్నియా రాష్ట్రపు సంగతి. అచ్చట మా అమ్మాయి యింట రెండు పర్యాయములు ఆరేసి నెలలు ఉండి వచ్చితిని. ఇతర రాష్ట్రములలో నియమములు వేరు. బి.టెక్. ముగించి ఎం.ఎస్. చదువుటకు వెళ్లువారికి ఈ ప్రసంగముతో పనిలేదు. ఇంటర్మీడియట్ తరువాత వెళ్లు పిల్లలకు, తలిదండ్రులతో కాపురమునకు వెళ్లి అచ్చట పెరిగిన పిల్లలకు మాత్రమే ఇది ఉపయోగపడును.

కమ్యూనిటీ కాలేజీ నిజమైన కళాశాలయే. అందు చదువు రెండేండ్లది. ఇట్టి కళాశాలలు అమెరికాలో 1901లో ఇల్లినాయి రాష్ట్రమందలి జోలియెట్ పట్టణమున మొదలైనవి. కాలిఫోర్నియాలో మొదటిది 1910లో ఫ్రెస్నోలో వెలసినది. అప్పుడు వీనిని జూనియర్ కాలేజీలనిరి. 1960లో ఆ రాష్ట్రము ఉన్నత విద్యకంతటికి ఒక మహాప్రణాళిక వ్రాసికొన్నది. ఉన్నత పాఠశాలలో పై ఎనిమిదవ వంతునకు వచ్చిన పిల్లలు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకును, పై మూడవ వంతులోని వారు రాష్ట్ర కళాశాలలకును అర్హులు. తక్కిన యెవ్వరు వచ్చినను జూనియర్ కాలేజీ తలుపు తెరచియుండవలెను. ఆ రాష్ట్ర కళాశాలలే నేడు కాలిఫోర్నియా రాష్ట్ర విశ్వవిద్యాలయమను పేర నడచుచున్నవి. రెండేండ్లు చక్కగా చదివినవాడు మూడవయేట విశ్వవిద్యాలయములో ప్రవేశింపవచ్చును. ఈ మూడవ మాటయే ఆ ప్రణాళికకు ప్రాణమని నా అభిప్రాయము. పదునెనిమిదవ యేట మార్కులు తక్కువ వచ్చినవాని నుదుట శాశ్వతముగ ముద్ర వేయక, ఇరువదవ యేట మరల అడుగుటకు అవకాశమిచ్చినారు. నేడు అచ్చట ఇట్టి కళాశాలలు 116 ఉన్నవి. సుమారు 20 లక్షలమంది చదువుచున్నారు. మన హైదరాబాదులో 1982లో స్థాపింపబడిన సార్వత్రిక విశ్వవిద్యాలయము బడి చదువు లేనివారికి గూడ ఒక పరీక్ష పెట్టి చేర్చుకొన్నది గదా. ఆ ఉద్దేశము వంటిదే ఇదియును.

రుసుము సంగతి ముందే చెప్పుట మంచిది. రాష్ట్రవాసులకు యూనిటు ఒక్కింటికి 46 డాలర్లు. ఈ వెల 2012 నుండి నడచుచున్నది. విదేశ విద్యార్థిగా వెళ్లువారికి దానికి ఎన్నో రెట్లు పడును. "కమ్యూనిటీ కాలేజీ చవక" అను మాట విని పొలము అమ్ముకొనువారు ఆ చవక ఎవరికో ముందు విచారించుకొనవలెను.

యూనిటనగా నేమి? వారమునకు ఒక గంట పాఠము చొప్పున ఒక సెమిస్టరు పొడుగున విని, గంటకు రెండు గంటల వంతున ఇంట చదివినచో ఒక యూనిటు. సాధారణముగ ఒక పాఠ్యమునకు మూడు యూనిట్లు. పట్టమునకు 120 కావలెను. అందులో సగము, 60, కమ్యూనిటీ కాలేజీలో పూర్తిచేసికొని పోవచ్చును. ఆ అరువదిలో కొన్ని తాను ఎంచుకొన్న ప్రధాన శాస్త్రమునకు పునాదులు. కొన్ని సామాన్య విద్యకు చెందినవి. చిక్కంతయు ఈ సామాన్య విద్య దగ్గరనే వచ్చును.

కంప్యూటరు చదువబోవువాడు కొంత సాహిత్యము, కొంత చరిత్ర, కొంత జీవశాస్త్రము చదివితీరవలెనని అమెరికా విశ్వవిద్యాలయముల పట్టుదల. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన 1945లో హార్వర్డు ఆచార్యులు ఈ విషయముపైననే ఒక నివేదిక ప్రకటించిరి. వృత్తి నేర్చినవాడు వృత్తిలో మాత్రమే మనిషియై తక్కిన వేళ పౌరుడు కాకపోయినచో ప్రజాప్రభుత్వము నిలువదని వారి భయము. మన తలిదండ్రులకు ఇది రుచింపదు. "ఇంజనీరుకు చిత్రకళాచరిత్ర యెందుకండీ, డబ్బు దండుగ" అని నాతో అన్నవారు ఈ సభలోనే యున్నారు. వారిమీద నాకు కోపము లేదు. నేను గణితము చదివిన రోజులలో తెలుగు తరగతిని గూర్చి నేనును అట్లే అనుకొంటిని. ముప్పది యేండ్లు బడిలో పాఠము చెప్పిన తరువాత, లెక్కలకన్న ఆ తెలుగు తరగతియే నాకు ఎక్కువగ అక్కరకు వచ్చినదని చెప్పవలసియున్నది.

సామాన్య విద్య దోషము కాదు. ఒక్కొక్క గుమ్మమువద్ద దానిని ఒక్కొక్క తూనికతో తూచుటయే దోషము. మా మనుమని కథ వినుడు.

వాడు కమ్యూనిటీ కాలేజీలో చేరెను. ఆ కళాశాల పేరు అప్రస్తుతము. అప్పుడు రాష్ట్రమున రెండు మూడు పట్టికలు నడచుచుండెడివి. ఐగెట్సీ అను పట్టిక 1991 నుండి ఉండెను. దానిని రెండు విశ్వవిద్యాలయ వ్యవస్థలును అంగీకరించునని పేరు. కాని అందులో రెండు మెలికలు కలవు. సభలో నిలిచి మాటలాడుట నేర్పు ప్రసంగపాఠ్యము రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు మాత్రమే కావలెను. ఇంగ్లీషుకాని భాష యొకటి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు మాత్రమే కావలెను. మనము సంతోషింపదగిన మాట యొకటి ఈ భాషానియమములో ఉండెను. ఆరవ తరగతి మొదలుకొని రెండేండ్లు ఇంగ్లీషుకాని మాధ్యమమున చదివి తగిన మార్కులతో ఉత్తీర్ణుడైనవాడు ఆ నియమమును తీర్చినట్లే. అనగా మన ఊరి తెలుగు మాధ్యమపు ఏడవ తరగతి ఆ దేశపు విశ్వవిద్యాలయమున లెక్కకు వచ్చినదన్నమాట.

మా వానికి నలుగురి యెదుట నిలుచుండి మాటలాడుట యనిన ప్రాణసంకటము. "తాతయ్యా, కంప్యూటర్ చదివేవాడికి ఉపన్యాసాలెందుకు? పెద్ద యూనివర్సిటీకి ఆ పాఠం అక్కర్లేదు, చూడు" అని పట్టిక చూపించెను. చూచితిని. నిజమే. అక్కరలేదు. నేనును "మంచిది, నాయనా" అంటిని. 2022 వసంతమునకు వాని చేతిలో 63 యూనిట్లు, మంచి మార్కులు ఉన్నవి. తాను కోరిన శాఖలో స్థలము దొరకలేదు. రాష్ట్ర విశ్వవిద్యాలయపు శాఖకు గూడ దరఖాస్తు పెట్టియుండెను. అచ్చట రచన, తర్కము, ప్రసంగము, గణితము అను నాలుగును ప్రవేశమునకు ముందటి వసంతమునకే పూర్తియై యుండవలెను. వానికి మూడే యున్నవి. 63 యూనిట్లు ఉండగా ఒక్క మూడు యూనిట్ల పాఠ్యము లేనందున ఒక సంవత్సరము పోయినది.

తప్పు వానిది, నాది. నియమము కాగితముమీద ఉన్నది; మేము చదివితిమి; మాకు కావలసినంతవరకే చదివితిమి. అయినను మాబోటివారు ఎందరో కలరని తరువాత తెలిసికొంటిని. అమెరికా ప్రభుత్వపు లెక్కలశాఖ 2017లో ఒక నివేదిక ప్రకటించెను. 2004 మొదలు 2009 వరకు ఒక కళాశాలనుండి మరియొకదానికి మారిన విద్యార్థులు తాము సంపాదించిన యూనిట్లలో సగటున నూటికి 43 పోగొట్టుకొనిరని అందలి అంచనా. అది దేశమంతటి లెక్క; అన్నివిధముల మార్పులును అందులో చేరినవి. నూరు బస్తాలు బండికెత్తి మార్కెట్టుకు తోలగా నలుబది మూడింటిని కాటాకు పెట్టకయే త్రిప్పి పంపినట్లున్నది గదా!

ఈ బాధ కనిపెట్టియే కాలిఫోర్నియా శాసనసభ 2021లో ఒక చట్టము చేసినది. రెండు వ్యవస్థలకును ఒకే పట్టిక ఉండవలెనని దాని సారము. ఆ పట్టిక పేరు కాల్‌గెట్సీ. 2025 శరత్కాలమున చేరిన విద్యార్థులనుండి అది అమలులోనికి వచ్చెను. అంతకు ముందే చేరి ఎడతెగక చదువుచున్నవారికి పాత పట్టిక హక్కు ఉండును.

క్రొత్త పట్టికలో మొత్తము 34 యూనిట్లు. ఇంగ్లీషు రచన, విమర్శనాత్మకమైన ఆలోచన, ప్రసంగము, ఈ మూడింటికి తొమ్మిది. మా వాడు తప్పించుకొన్న ప్రసంగము ఇప్పుడు ఎవ్వరికిని తప్పదు. గణితమునకు మూడు. కళలకు మూడు, మానవీయశాస్త్రములకు మూడు. సమాజశాస్త్రములు వేరువేరు శాఖలనుండి రెండు తీసికొనవలెను, అవి ఆరు. భౌతికశాస్త్ర మొకటి, జీవశాస్త్ర మొకటి, వానిలో ఒకదానికి ప్రయోగశాల, కలసి ఏడు. ఆ ఒక్క యూనిటు ప్రయోగశాలను మరచిపోవువారు పెక్కురు. చివర మూడు యూనిట్లు జాతుల అధ్యయనము: అమెరికా ఆదివాసులు, ఆఫ్రికానుండి వచ్చినవారు, ఆసియావారు, లాటిన్ అమెరికావారు, వీరి చరిత్ర. 1968 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో రాష్ట్ర కళాశాల విద్యార్థులు ఈ చదువు కావలెనని సమ్మె ప్రారంభించి మరుసటి మార్చివరకు సాగించిరి. నాడు సమ్మె చేసి సాధించినది నేడు అందరికిని విధి అయినది. ఆసియావారి చరిత్ర అనిన అందు పంజాబునుండి వెళ్లి కాలిఫోర్నియాలో వ్యవసాయము చేసిన మనవారును చేరుదురు. ప్రతి పాఠ్యమునందును కనీసము సి గ్రేడు రావలెను. డి వచ్చినచో ఈ పట్టికలో అది పనికిరాదు.

పట్టిక ఒక్కటైనందుకు సంతోషమే. కాని ఒక్కటి చేయుటలో కొంత కోతయు పడినది. మునుపు కళలు, మానవీయశాస్త్రములు కలిసి మూడు పాఠ్యములుండగా ఇప్పుడు రెండైనవి. పరభాష పట్టికనుండి తొలగినది. ఆరోగ్యము, జీవనవిధానము నేర్పు భాగమొకటి రాష్ట్ర విశ్వవిద్యాలయపు పాత పట్టికలో ఉండెడిది, అదియును పోయినది. దారి సులభము చేయుటకు చదువును తగ్గింపవలసివచ్చుట నాకు కష్టముగనే యున్నది. ఒక యేడాది పోగొట్టుకొన్న పిల్లవానిని ఇంట చూచినవాడను గనుక గట్టిగా ఆక్షేపింపలేకున్నాను.

ఇంజనీరింగు కోరువారికి హెచ్చరిక యొకటి చెప్పవలెను. ఈ పట్టికనంతటిని ముందుగా పూర్తిచేయుట వారికి లాభము కాకపోవచ్చును. గణితము, భౌతికము, రసాయనము వరుసగ చదువకపోయినచో ప్రవేశమే దొరకదు. అరువది యూనిట్లలో రెండింటికిని చోటు చాలదు. అట్టివారు ముందు ప్రధాన శాస్త్రపు పునాదులు, తరువాత సామాన్య విద్య అని పెట్టుకొనవలెను. ఏ కళాశాలలోని ఏ పాఠ్యము ఏ విశ్వవిద్యాలయమున దేనికి సరిపోవునో చూపుటకు "అసిస్ట్" అను జాలస్థానము కలదు, వెల లేదు. మన గ్రంథాలయపు కంప్యూటరుమీదనే చూడవచ్చును. ఇదికాక, 2010 నాటి చట్టము ననుసరించి, మారుటకొరకే ఏర్పరచిన 60 యూనిట్ల పట్టము పొందినవానికి రాష్ట్ర విశ్వవిద్యాలయమున ఎక్కడనో ఒకచోట స్థానము తప్పక దొరకును. కోరిన ఊరిలోనే యని మాత్రము కాదు.

ఇది పరదేశపు గోలయని తీసివేయకుడు. మన దేశమునను విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘమువారు 2021లో క్రెడిట్ల బ్యాంకు నియమములు చేసిరి. ఒకచోట చదివినది మరియొకచోట లెక్కకు రావలెనని దాని తలంపు. లెక్కకు వచ్చునా రాదా యను ప్రశ్న మన పిల్లలకును ఎదురుకానున్నది.

మా మనుమడు ఆ శరత్కాలముననే ప్రసంగపాఠ్యము తీసికొనెను. మొదటి ప్రసంగమునకు తనకు బాగుగా తెలిసిన విషయ మేదైన చెప్పుమనిరట. వాడు ఎనిమిదేండ్లవాడై సెలవులకు వచ్చినప్పుడు, ఈ అరుగుమీద దీపము క్రింద మన నారాయణ పత్రిక బిగ్గరగా చదువుచుండగా చదువురాని పెద్దలు చుట్టును కూర్చుండి వినుట చూచినాడు, దానిని చెప్పెనట. ఐదు నిమిషములని గీత గీసిన చోట ఎనిమిది నిమిషములు మాటలాడి మార్కు పోగొట్టుకొనెనట. బి వచ్చినది. 2023లో రాష్ట్ర విశ్వవిద్యాలయమున చేరెను.

ఆ 34 యూనిట్ల పట్టికను తెలుగున వ్రాసి, చదువుగది గోడకు అంటింపుమని గ్రంథపాలకునికి ఇచ్చితిని. కళాశాలలు అంగీకరించు పాఠ్యముల జాబితా ఏటేట మారుచుండును గనుక దాని అడుగున తేదీ వేసితిని. మార్పు వచ్చినప్పుడెల్ల తెలియజేసెదనని మనుమడు మాట యిచ్చినాడు. అట్టి వార్త వచ్చిన నాడు పాత కాగితము తీసి క్రొత్తది అంటింతుము.