వాన – వర్షము

వార్తల చివర మేము వాతావరణ సూచన చదువుచుందుము. "కొన్నిచోట్ల తేలికపాటి నుండి ఒక మోస్తరు వర్షములు పడవచ్చును" అను వాక్యము శ్రోతలకు కొత్తది కాదు. అది వినగానే ఉద్యోగి గొడుగు వెదకుకొనును. ఇల్లాలు ఎండబెట్టిన వడియములను లోనికి తెచ్చుకొనును. మెట్టరైతు మాత్రము ఒక ప్రశ్న వేయును: "వర్షమన్నారు, బాగున్నది. ఏ వాన?" ఆ ప్రశ్నకు సమాధానము మేము చదివిన వాక్యములో లేదు. మన భాషలో కలదు. దానిని గూర్చియే నేటి ప్రసంగము.

ముందుగా మాటల పుట్టుక చూతము. 'వాన' అచ్చ తెలుగు మాట. దీని తోబుట్టువులు ఇరుగుపొరుగు భాషలలో కలవు. తమిళమున 'వాన్' అనగా ఆకాశము, మేఘము, వాన కూడ. తిరుక్కురళులో దైవస్తుతి వెనువెంటనే వచ్చు రెండవ అధికారము పేరు 'వాన్ సిఱప్పు'. అది వాన గొప్పతనమును చెప్పునది. కన్నడమున 'బాను' అనగా ఆకాశమే. మనవారు ఆకాశమునకు మిన్ను, నింగి అను మాటలను వాడుకొని, ఈ మాటను మింటినుండి దిగివచ్చు నీటికే ఉంచుకొనిరి.

'వర్షము' సంస్కృతమునుండి వచ్చినది. కురియుట అను అర్థముగల 'వృష్' ధాతువు దీనికి మూలము. 'వృష్టి'యు అందుండి పుట్టినదే. సంస్కృతమున వర్షమనగా వాన, సంవత్సరము, భూభాగము అని మూడర్థములు కలవు. భారతవర్షము అనునపుడు చెప్పుకొనునది ఈ మూడవ అర్థము. వానకారు రాకపోకలతో కాలము లెక్కించు దేశమున వానకును సంవత్సరమునకును ఒకే పేరు ఉండుట వింత కాదు.

అమరకోశము వాన సంసారమును చక్కగా విభజించినది. ధారలుగట్టి పడునది ఆసారము, నీటితుంపర శీకరము, వడగల్లు కరక, వాన పడకుండుట అవగ్రహము. మబ్బు కమ్మిన పగటికి అందు 'దుర్దినము' అని పేరు. బీటలు వారిన చేనిగట్టున నిలిచి పడమటి దిక్కు చూచువానికి అంతకంటె సుదినము లేదు! నిఘంటువు ఒక చోట నుండి చూచినది, రైతు మరియొక చోట నుండి చూచుచున్నాడు.

వాన, వర్షము, వృష్టి — ఇవి నిజముగా పర్యాయపదములు. తెలుగున వానను చెప్పు తక్కిన మాటలను కూడ పర్యాయపదములని పిల్లలచే వల్లె వేయించుచుందుము. అది సరికాదు. చినుకు, తుంపర, జల్లు, ముసురు, జడి, కుండపోత అనునవి ఒకే వస్తువునకు ఆరు పేర్లు కావు. అవి ఆరు వస్తువులు. చినుకు ఒక్క బొట్టు. తుంపర గాలిలో తేలివచ్చి మొగము తడుపును, నేల తడుపదు. జల్లు వచ్చినంత వేగముగ పోవును. ముసురు పట్టినచో పగలెల్ల, ఒక్కొక్కప్పుడు రెండు మూడు దినములు, సన్నగా పడుచుండును. ఈగలు ముసురుట, చింతలు ముసురుట అనునపుడు ఉన్న క్రియయే ఇచటను ఉన్నది: మబ్బు నలువైపుల మూగి కదలకుండుట. జడి అనగా ఎడతెగని వాన. కుండపోతకు వివరణము అక్కరలేదు. కుండ బోర్లించినట్లు పడునది.

ఇపుడు వాతావరణశాఖవారి కొలత చూడుడు. 24 గంటలలో 2.5 నుండి 15.5 మిల్లీమీటర్ల వరకు పడినచో తేలికపాటి వర్షము, 15.6 నుండి 64.4 వరకు ఒక మోస్తరు, 64.5 నుండి 115.5 వరకు భారీ, 115.6 నుండి 204.4 వరకు అతిభారీ. ఆపైన అత్యంత భారీ. 'కొన్నిచోట్ల' అను మాటకును లెక్క కలదు: ఒక ప్రాంతమునగల కేంద్రములలో నూటికి 26 నుండి 50 వరకు వాన పడునని దాని భావము. ఇవి మిక్కిలి ఉపకరించు కొలతలు. వీనిని తేలికగా చూడరాదు.

అయినను ఒక ఉదాహరణము. ఒక దినమున 20 మిల్లీమీటర్ల వాన పడినదనుకొందము. ఎకరమునకు సుమారు 80 వేల లీటర్ల నీరు. అది పగలును రేయియు ముసురుగా పడినచో నేల తాగును, చెట్టు వేరు తడియును. అరగంటలో దంచికొట్టినచో వాలు వెంబడి పరుగెత్తి మేలైన మన్నును వాగులో కలుపును. లెక్కల పుస్తకమున రెండును 'ఒక మోస్తరు వర్షము'లే. కొలపాత్ర ఎంత పడినదో చెప్పును. ఎట్లు పడినదో తెలుగు మాట చెప్పును. ఒకటి రెండవదానికి బదులు కాజాలదు.

ఇక 'పదును' అను మాట. కత్తికి పదును, నేలకు పదును. విత్తనము మొలచుటకు చాలినంత తేమ నేలకు పట్టినపుడు పదునైనదందురు. అనంతపురము ప్రాంతమున సగటున ఏడాదికి పడునది సుమారు 550 మిల్లీమీటర్లు. అట్టిచోట పదును కాని జల్లును నమ్మి వేరుసెనగ విత్తినవాడు, వెనుక వాన రాకున్నచో విత్తనపు కాయకు పెట్టిన రొక్కమును మన్నులో పోసినవాడగును. అతనికి వర్షము వచ్చునన్న మాట చాలదు. పదునగునా కాదా అన్నది కావలెను.

రైతు వానకు కాలమును బట్టియు పేరు పెట్టినాడు. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రమున 13, 14 దినములుండు కార్తెలు ఏడాదికి 27. జూను మొదటి పక్షమున మృగశిర, తెలంగాణమున దీనినే మిరుగు అందురు. ఆ నెల మూడవ వారము దాటగానే ఆరుద్ర. అక్టోబరు చివర స్వాతి. ఎఱ్ఱని పట్టువంటి ఆరుద్రపురుగు తన పేరును కార్తె నుండియే తెచ్చుకొన్నది. మృగశిర వాన విత్తుటకు పిలుపు. కోతకు వచ్చిన వరిపై స్వాతి జడి పడినచో వెన్ను నేలకొరుగును. నీరు ఒకటియే, ఫలము వేరు.

వాన లేకుండుటకు గల మాటలును ఇట్లే మెట్లుమెట్లుగా ఉన్నవి. గడియసేపు ఆగినచో తెరపి. దినములు గడచినచో వరపు. పైరు వాడినచో బెట్ట. సంవత్సరము పోయినచో కరువు. ఈ నాలుగింటికిని 'వర్షాభావము' అను ఒక్క మాటను కప్పినచో, ఏ మెట్టున నున్నామో వినువానికి తెలియదు; సాయము చేయవలసినవానికి అసలే తెలియదు.

ఆగుటకును మనకు ముచ్చటైన క్రియ కలదు. వాన వెలిసినదనగా ఆగినది. చీర రంగు వెలిసినదనగా పోయినది. కొండపై దేవుడు వెలిసినాడనగా ప్రత్యక్షమైనాడు! తెలుగు నేర్చుకొను పరభాషీయుడు ఇచట తికమకపడుట తప్పదు. మన పిల్లలు తికమకపడకుండవలెనన్నచో వారు ఈ మాటలను ఇంట వినుచుండవలెను.

వాన రాకడయు ప్రాణము పోకడయు తెలియదని సామెత. విశాఖపట్టణము, మచిలీపట్టణము, హైదరాబాదులలోని డాప్లర్ రాడార్ల వలన నేడు రాకడ కొంత ముందుగా తెలియుచున్నది. తెలిసినదానిని వినువాని భాషలో చెప్పుట మావంటివారి పని. కొలత చెప్పు చోట వాతావరణశాఖవారి మాటను మార్చక చదువవలెను. తీరు తెలిసిన చోట జల్లనో, ముసురనో, గాలివాననో చెప్పవలెను. ఇది కాని పని కాదు. తెలంగాణ ప్రభుత్వమువారి వ్యవసాయపు లెక్కలలో ఇటీవలి సంవత్సరములలో ఖరీఫు, రబీలకు మారుగా వానాకాలము, యాసంగి అను మాటలు నిలదొక్కుకొన్నవి. ఊరిలో బ్రతికియున్న మాట కాగితముపైకి ఎక్కగలదని అది నిరూపించినది.

శ్రోతలకు మా మనవి ఒక్కటి. మీ పెద్దలు వానను ఏయే పేర్లతో పిలుతురో అడిగి తెలిసికొనుడు, ఇంట పిల్లలు "వర్షం పడుతోంది" అన్నపుడు "ఏ వాన?" అని అడుగుడు. వారు కిటికీ దగ్గరకు పోయి, చూచి, సరియైన మాట వెదకి చెప్పుదురు. మాట నిలుచుటకు అంతకంటె వేరు ఉపాయము లేదు.