గోలకొండ ముట్టడి

హైదరాబాదు నగరానికి పడమటి వైపున, మాదాపూరు గుట్టల నడుమ దుర్గం చెరువు ఉన్నది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుంచి ఆ గుట్టల చుట్టూ అద్దాల మేడలు వెలసినవి. 2020లో చెరువు మీద తీగల వంతెన ఏర్పడినది. ప్రతిదినమూ వేలాది ఉద్యోగులు ఆ వంతెన దాటి హైటెక్ సిటీకి వెళ్ళి వస్తుంటారు. కుతుబ్‌షాహీల కాలంలో ఈ చెరువు నీరు కొద్ది మైళ్ళ దూరాన ఉన్న గోలకొండకు తాగునీరుగా పోయేదన్న సంగతి వారిలో ఎందరికి తెలుసునో చెప్పలేము.

గోలకొండను మనం సాధారణంగా ఒక కోటగా భావిస్తాము. నిజానికి అది ఒక చిన్న పట్టణం. ఎనిమిది ద్వారాలు, ఎనభై యేడు బురుజులు గల వెలుపలి ప్రాకారం లోపల ఈనాటికీ జనం కాపురమున్నారు. కాకతీయుల కాలంలో మట్టికోటగా ఉన్నదానిని 1518 తరువాత కుతుబ్‌షాహీలు రాతికోటగా పెంచారు. కొండ పాదం నుంచి బాలాహిస్సారు శిఖరం వరకు నీటిని అంచెలంచెలుగా చక్రాలతో తోడి, మట్టిగొట్టాల ద్వారా నడిపించారు. ఆ గొట్టాల జాడలు గోడలలో ఇప్పటికీ కనిపిస్తాయి. శత్రువు చుట్టుముట్టినప్పుడు వెలుపలి చెరువును నమ్ముకొనరాదు గదా! అందుకే కోటలోపల కటోరా హౌజు వంటి జలాశయాలను కూడ నిర్మించుకొన్నారు.

ఇన్ని ఏర్పాట్లకూ పరీక్ష 1687లో వచ్చినది. అంతకు ముందు సంవత్సరమే ఔరంగజేబు విజాపురాన్ని జయించాడు. అదే సంవత్సరం, 1686లో, గోలకొండ మంత్రులైన అక్కన్న మాదన్నలు నగరవీథిలో హత్యకు గురియైనారు. 1687 జనవరి చివర చక్రవర్తి స్వయంగా సైన్యంతో వచ్చి కోట ముందు విడిది చేశాడు. లోపల ఉన్నవాడు కడపటి సుల్తాను అబుల్‌హసన్ తానీషా.

దండయాత్ర త్వరలో ముగియగలదని మొగలాయీలు తలచారు. కాని నెలలు గడిచినవి. కందకం పూడ్చడానికి మట్టి నింపే సంచులలో మొదటిదాన్ని చక్రవర్తి తన చేతులతోనే కుట్టాడని చరిత్రకారుడు ఖాఫీఖాన్ వ్రాశాడు. బురుజుల కింద సొరంగాలు తవ్వి తుపాకిమందు కూరగా, కోటలోనివారు పసిగట్టి కొంత మందును తీసివేశారు, కొంత నీళ్ళతో తడిపివేశారు. మిగిలినది పేలినప్పుడు రాళ్ళు వెలుపలికే ఎగిరి మొగలు సైనికులనే బలిగొన్నవి. శిబిరంలో కరవు వచ్చినది. వానలు కురిసి దారులు బురద అయినవి. ఖిలిచ్‌ఖాన్ అనే సేనాని ఫిరంగి దెబ్బకు చేయి కోల్పోయి మరణించాడు. ఆయన మనుమడే 1724లో దక్కనులో స్వతంత్ర పాలన నెలకొల్పిన నిజాముల్‌ముల్క్!

సుమారు ఎనిమిది మాసాలు గడచినా ఆ గోడ లొంగలేదు. చివరకు లొంగినది ఒక మనిషి. 1687 సెప్టెంబరు 21వ తేదీ రాత్రి, అబ్దుల్లాఖాన్ పన్నీ అనే సర్దారు లంచానికి ఆశపడి, తన కాపలాలోని చిన్న ద్వారాన్ని తెరచి శత్రువును లోనికి రానిచ్చాడు. అంతకు ముందే అబ్దుర్ రజాక్ లారీ అనే మరొక సర్దారుకు కూడ ఇటువంటి ఆశే చూపారు. ఆయన ఆ ఫర్మానాను బురుజు మీద నిలబడి అందరూ చూస్తుండగా చింపివేశాడు. ఆ రాత్రి గుర్రమెక్కి శత్రువుల నడుమ దూరి, డెబ్బది దాకా గాయాలు తిని పడిపోయాడు. ఆయన శౌర్యం చూచిన ఔరంగజేబు తన వైద్యులనే పంపి బ్రతికించాడు. తానీషాను దౌలతాబాదు కోటకు బందీగా తీసికొనిపోయారు. ఆయన అక్కడే కన్నుమూశాడు. పూర్వపు సుల్తానులందరూ గోలకొండ చెంత గుమ్మటాల కింద నిద్రిస్తుండగా, ఆయన సమాధి మాత్రం దూరాన ఖుల్దాబాదులో ఉన్నది.

కోట మీద గుండ్లు కురిపించిన ఫతే రహబర్ ఫిరంగి నేడు ఆ కోటలోని పేట్ల బురుజు మీదనే ఉన్నది. చూడవచ్చిన పిల్లలు దానిపై చేయి వేసి ఫొటోలు తీయించుకొంటారు. ముట్టడి నాటి భయం ఆ ఫిరంగిలో ఇప్పుడు లేదు.

అయితే ఆ కథలోని హెచ్చరిక నేటికీ పాతబడలేదు. ఏ ఊరికైనా గోడ ఎంత ముఖ్యమో, నీరు అంత ముఖ్యము. ఆ రెంటినీ కాపాడే మనిషి అంతకంటె ముఖ్యము. దుర్గం చెరువు చుట్టూ ఇప్పుడు ఏ సైన్యమూ విడిది చేయలేదు. అయినా ఇళ్ళు చెరువులోనికి జరిగినవి, మురుగు నీరు చేరినది. పూర్తి నీటిమట్టపు హద్దులో ఉన్నవని గుర్తించిన కట్టడాలకు అధికారులు 2024లో నోటీసులు ఇవ్వవలసి వచ్చినది. ఈ చెరువుకు హాని చేస్తున్నది వెలుపలి శత్రువు కాదు, ఆ గట్టున కాపురముండేవారమూ, నగరవాసులమైన మనమే.

సెలవుదినాన మీరు పిల్లలను గోలకొండకు తీసికొనిపోయినప్పుడు, ఫతే దర్వాజా వద్ద చప్పట్లు కొట్టించి కొండపైన ప్రతిధ్వని వినిపించండి. అది సరదా అయినదే. కాని, ఆ తరువాత గోడలోని మట్టిగొట్టాన్ని కూడ చూపించి, ఈ నీరు ఎక్కడనుంచి వచ్చేదో చెప్పండి. తిరుగు ప్రయాణంలో తీగల వంతెన మీదుగా వస్తే, ఆ చెరువును కూడ వారికి చూపవచ్చును.