ఛాయాచిత్రానికి పదును ఎంతవరకు?



చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం 1869లో ఏర్పడింది. కల్నల్ మెకంజీ, సి.పి. బ్రౌన్ దొరవార్లు సేకరించిన తాళపత్రాలు ఎన్నో దానికి చేరాయి. అలాంటి తాటాకులను ఫొటో తీసి కంప్యూటరు తెరమీద చదువుకునే రోజులివి. అక్షరం స్పష్టంగా కనబడాలని ఫొటోకు పదును పెడతారు. దీన్నే షార్పెనింగ్ అంటారు. అది ఎంతవరకు పెట్టాలన్నదే నేటి ప్రశ్న.

కెమెరా సెన్సరు మీది ఒక్కొక్క బిందువు సాధారణంగా ఎరుపు, ఆకుపచ్చ, నీలాలలో ఒక్క రంగునే నమోదు చేస్తుంది. తక్కిన రెండింటినీ ఇరుగుపొరుగు బిందువులను బట్టి కంప్యూటరు లెక్కగడుతుంది. అందుకే సవరణలు చేయని 'రా' ఫైలు మొదట కాస్త మెత్తగా కనిపిస్తుంది.

పదును పెట్టే తీరు తమాషాగా ఉంటుంది. బొమ్మకు మసక నకలు ఒకటి తయారు చేసి, దాన్ని అసలుతో పోలుస్తారు. తేడా కనబడిన అంచుల దగ్గర నలుపును మరింత నల్లగా, తెలుపును మరింత తెల్లగా చేస్తారు. ఇది ఫిల్ము కాలంలో డార్క్‌రూములో పుట్టిన పద్ధతే. దీనివల్ల కొత్త వివరమేదీ చేరదు. ఉన్న తేడాయే పెరుగుతుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఘంటం గీసిన గీత ఏదో, ఆకు చీలిక ఏదో, పురుగు తొలిచిన గాటు ఏదో ఈ పద్ధతికి తెలియదు. దానికి అన్నీ అంచులే! మన లిపిలో 'ప' కింద చిన్న గీత పడితే 'ఫ' అవుతుంది. వైద్య గ్రంథంలో 'పలము' అంటే ఒక తూకం, 'ఫలము' అంటే పండు. చీలిక నల్లబడి గీతలా కనిపిస్తే మందు పాళ్లే మారిపోవచ్చు.

కాబట్టి ముందుగా బొమ్మలోని నలుసులు, అంటే నాయిస్, తగ్గించండి. తెరమీద బొమ్మను నూరు శాతం పరిమాణంలో ఉంచి పదును పెట్టండి. రేడియస్ ఒక పిక్సెల్ దరిదాపుల్లో మొదలుపెట్టండి. మాస్కింగ్ పెంచితే నున్నటి భాగాల జోలికి పోకుండా ఉంటుంది. అక్షరం చుట్టూ తెల్లని అంచు మెరిసిందంటే పదును ఎక్కువైనట్టే.

రా ఫైలు విషయంలో ఒక సుగుణముంది. మన సవరణలు సూచనలుగా విడిగా నిలుస్తాయి, అసలు బొమ్మ చెక్కుచెదరదు. ఆ ఫైలును పారేయకండి. ఒక అక్షరం మీద అనుమానం వస్తే పదును తీసేసి మళ్లీ చూడండి. అప్పటికీ తేలకపోతే ఆకునే చూడాలి. ఇంట్లోని పాత దస్తావేజుకైనా, తాతగారి ఉత్తరానికైనా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది.