బట్టలకు చిమ్మట పట్టకుండా

శివరాత్రితో చలి 'శివశివా' అంటూ వెళ్ళిపోతుందని పెద్దలు చెబుతారు. ఆ మరునాటి నుండే కర్నూలు, కడప జిల్లాల ఇండ్లలో గొంగళ్ళు, శాలువలు మడతలుపడి ట్రంకుపెట్టెలలోకి చేరుతాయి. మళ్ళీ కార్తికమాసం వరకు వాటిని తలచేవారుండరు. అప్పుడు మూత తీస్తే గొంగళి జల్లెడవలె కనిపిస్తుంది. కూతురికి ఇవ్వాలని దాచిన పెళ్ళినాటి పట్టుచీరకు సైతం చిల్లులు పడి ఉంటాయి.

ఈ పని చేసినది చిమ్మట. ఎండుగడ్డి రంగులో, రెక్కలు ముడిచినప్పుడు బియ్యపుగింజంత ఉంటుంది. రాత్రివేళ దీపం చుట్టూ మూగే పురుగులను చూచి బట్టలకోసం భయపడనక్కరలేదు. చిమ్మటకు వెలుతురు గిట్టదు. పైగా రెక్కలు వచ్చిన తరువాత అది ఏమీ తినదు. మడతల నడుమ నలభై, యాభై గ్రుడ్లు పెట్టి చనిపోతుంది. బట్టను తినేది ఆ గ్రుడ్లనుండి వెలువడే తెల్లని పురుగు. ఉన్నిలోను, వెంట్రుకలలోను, ఈకలలోను ఉండే కెరాటిన్ చాలా జీవులకు అరగదు, దీనికి అరుగుతుంది. గొంగళిలో తింటూ వెంట్రుకలు ఏరడమని మనకొక సామెత ఉన్నది. ఈ పురుగు ఏరదు, వెంట్రుకనే తింటుంది!

నూలుబట్ట దీనికి ఆహారం కాదు. గంజిపెట్టి దాచిన నూలుచీరను కొరికేది వేరొకటి, వెండిరంగున చేపపిల్లవలె జారిపోయే పురుగు. కనుక నూలుబట్టలను దాచేముందు గంజి పెట్టరాదు.

ఆలూరు, పత్తికొండ ప్రాంతాల గొర్రెల కాపరుల భుజాలమీది గొంగళ్ళను గమనించండి. మన పెట్టెలోనిది, వారి భుజంమీదిది ఒకే ఉన్ని. అయినా దినదినమూ దులిపి, పరచి, ఎండలో తిరిగే గొంగళికి చిమ్మట పట్టడం అరుదు. పురుగుకు కావలసినవి చీకటి, కదలిక లేని చోటు. ఆ రెండూ మనమే పెట్టెలో సమకూర్చిపెడుతున్నాము. దానికి తోడు చెమట, కూరమరకలు ఉంటే పురుగుకు విందే. అందుచేత ఒక్కసారి కప్పుకొన్న శాలువనైనా శుభ్రపరచనిదే దాచరాదు.

మన సీమ ఎండను అందరూ తిడతారు. ఈ విషయంలో మాత్రం అంతకు మించిన మందు లేదు. యాభై డిగ్రీలు మించిన వేడిలో గ్రుడ్లూ పురుగులూ నశిస్తాయి. ఏప్రిల్, మే నెలలలో మిట్టమధ్యాహ్నం కాలు మోపనివ్వని కడప బండల మిద్దెపై నల్లగొంగళిని పరచి, మధ్యలో తిరగవేసి, సాయంత్రం బ్రష్షుతో దులిపితే చాలు. మడతలు, కుట్లు మరువరాదు. గ్రుడ్లు దాగేది అక్కడే. పట్టుకు ఈ వైద్యం పనికిరాదు, రంగు వెలుస్తుంది. పట్టుచీరను నీడన గాలికి ఆరవేసి, మడతలు మార్చి, పాత నూలుగుడ్డలో చుట్టి ఉంచవలెను. మైనస్ 18 డిగ్రీల చలి నిలిచే ఫ్రీజరు ఉన్నవారు చిన్న ఉన్నిబట్టలను ప్లాస్టిక్ సంచిలో మూసి వారంరోజులు అందులో ఉంచినా పురుగు చస్తుంది.

పెట్టెను కూడా ఖాళీచేసి మూలలు తుడవవలెను. ఇంటిచూరులోని పాత పిచ్చుకగూడు, మూలన పడిన హార్మోనియం మెట్లక్రింది ఉన్నిపట్టీ, వీటినుండి కూడా చిమ్మట బయలుదేరవచ్చును. ఎండిన వేపాకు వేయడం మంచి అలవాటే. కాని లోపల అప్పటికే ఉన్న పురుగును అది చంపుతుందని నమ్మరాదు.

ఇక కలరా ఉండలు. గట్టిగా మూసిన పెట్టెలోనే వాటి ఆవిరి పనిచేస్తుంది. తెరచిన బీరువాలో వేస్తే ఆ ఆవిరిని పీల్చేది మనమే. పసిపిల్లలు పిప్పరమెంటు బిళ్ళలనుకొని నోటబెట్టుకొంటారు. పుట్టుకతో జీ6పీడీ అనే ఎంజైము లోపించిన శిశువులకు ఈ వాసన పట్టిన బట్టలు చుట్టినా ఎర్రరక్తకణాలు చితికి, తీవ్రమైన కామెర్లు రావచ్చును. ఆ లోపం పైకి కనిపించదు. కనుక బాలింత ఉన్న ఇంట ఈ ఉండలు వాడకపోవడమే మేలు. వాటితో దాచిన దుప్పటి ఏదైనా ఉంటే ఉతికి, వాసన పూర్తిగా పోయేవరకు ఎండలో ఆరనిచ్చిన పిమ్మటనే బిడ్డ దగ్గరకు తేవలెను.