భాషల చుట్టరికం



మాదాపూరులో 1998లో సైబర్ టవర్స్ వెలసింది మొదలు మన పిల్లలెందరో ఇక్కడ ఉద్యోగాల్లో చేరారు. "ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు, ఆఫీసులో ఇంగ్లీషు. ఇందులో మనదేది?" అని మమ్మల్ని అడుగుతున్నారు.

పోలిక వేరు, పుట్టుక వేరు. తుర్కీ, మంగోల్, తుంగూస్ భాషలు ఒకే తల్లి బిడ్డలని కొందరు పండితులన్నారు. 'నేను' అనడానికి మంగోలులోనూ మంచూలోనూ 'బి' అనే అంటారు మరి! కాదు, ఇరుగుపొరుగున ఇచ్చిపుచ్చుకున్నవేనని 1956లో క్లాసన్ వాదించాడు. నేడు ఎక్కువమందిది ఆ పక్షమే. 1856లో కాల్డ్‌వెల్ మన ద్రావిడ భాషలను కూడా వాటితో కలపజూశాడు. పిల్లికి, గురువుకు అని ముందరి అచ్చును బట్టి తెలుగు ప్రత్యయం మారినట్టే తుర్కీలోనూ మారుతుంది. అయినా ఆ చుట్టరికం నిలవలేదు.

ఉర్దూ, తెలుగులదీ రక్తసంబంధం కాదు. 'ఉర్దూ' అన్న పేరే తుర్కీ మాట, దండు విడిది అని అర్థం. ఇక వకీలు, జిల్లా, దుకాణం, ఖర్చు లేకుండా తెలుగువారికి ఒక్కపూట గడుస్తుందా?

అందుకే మేము కోరేదొకటే. ఇంట్లో ఉర్దూ మానకండి, పిల్లలకు తెలుగు చదవడం, రాయడం నేర్పించండి. ఒకటి పుట్టుకతో వచ్చింది, ఒకటి పొరుగుతో వచ్చింది. రెండూ మనవే.